దిష్టి తీసిన చోటు

ఏలూరు బైపాస్ రోడ్డు పక్కన ఆ ఉదయం కూడా గన్నేరు పూలు విరగబూసి ఉన్నాయి. అవి నిజం పూలా కాదా అని ఆరా తీసే ఓపిక ఊళ్ళో ఎవరికీ మిగల్లేదు. కొన్నేళ్ళుగా అందరి కళ్ళకీ సౌమ్యపొర అనే పల్చటి అద్దం అతికి ఉంది. చెత్తకుప్ప, చచ్చిన కుక్క, చీము, నెత్తురు, రోత పుట్టించేది ఏదైనా సరే, ఆ పొర దాని మీద మరో బొమ్మ కప్పేస్తుంది. ఊళ్ళో మురికి ఎక్కడికీ పోలేదు, కనబడటం మానేసింది. జనం దాన్నే అభివృద్ధి అనుకుని మురిసిపోయారు.

రోడ్డుని ఆనుకునే చిన్న విమానాల మైదానం ఉంది. సువర్చల తమ్ముడు వినీల్ కొత్తగా కొన్న రెండు సీట్ల గాలిబండిని మొదటిసారి ఒంటరిగా నడపబోతున్నాడు. బండికి బొట్లు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టింది సువర్చలే. వెళ్ళొస్తానక్కా అని నవ్వుతూ వాడు పైకి లేచాడు. ప్రహరీ దాటగానే మోటారు చప్పుడు మారింది. బండి ఒక పక్కకి ఒరిగి గోడ అవతల పడింది. నేల అదిరింది.

ఆమె చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. అక్కడ విరిగిన రెక్క లేదు, పొగ లేదు. చప్పుడుకి తల తిప్పిన జనం, ఏమీ కనబడక, మళ్ళీ తమ దారిన నడుస్తున్నారు. రోడ్డు మధ్యలో కుంకుమ చల్లిన గుమ్మడికాయ ముక్కలున్నాయి. అలవాటుగా ఆమె కూడా వాటిని తప్పుకుని ముందుకెళ్ళింది.

"అక్కా."

పిలుపు ఆ ముక్కల్లోంచి వచ్చింది.

సువర్చలకి అప్పుడర్థమైంది. కప్పేసిన వాటిని జనం తన్నుకుని పడుతున్నారని, ఏ ఊరివాళ్ళు దేన్ని చూసి వాళ్ళంతట వాళ్ళే పక్కకి తప్పుకుంటారో పొర తయారుచేసేవాళ్ళు దానికి నేర్పారు. ఇక్కడివాళ్ళు దిష్టి తీసిన కాయని తొక్కరు, ముట్టరు, తేరిపార చూడనైనా చూడరు. అందుకే కూలిన బండి మీద ఆ బొమ్మే కప్పింది.

ఆమె పొర పీకి పారేసింది. వినీల్ తొడల మీద ఇనప కమ్మీ అడ్డంగా పడి ఉంది. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. సీటు కింద బ్యాటరీ పొగలు కక్కుతోంది. కమ్మీ పట్టుకుని లాగితే కదల్లేదు, చేతులు మాత్రం నెత్తురయ్యాయి. ఒక్క చెయ్యి సాయం పట్టమని గొంతు చించుకుని అరిచింది. జనం అరుపు ఎక్కణ్ణుంచా అని దిక్కులు చూసి కదిలిపోయారు. చేతులకి నెత్తురంటిన ఆమె కూడా ఇప్పుడు వాళ్ళ కళ్ళకి మరో గుమ్మడికాయ.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి పక్కనుంచి పోతుంటే, ఆమె అతని మీద పడి కళ్ళ మీది పొర లాగేసింది. అతను చూశాడు. ఎముకని, నెత్తుటిని, వినీల్ ముఖాన్ని చూసి, అక్కడే వంగి వాంతి చేసుకున్నాడు.

"ఒక్క పట్టు పట్టండి అన్నయ్యగారూ. ఆ కమ్మీ లేపితే మా తమ్ముడు బతుకుతాడు."

"పొద్దున్నే ఏం దరిద్రం చూపించావమ్మా," అన్నాడతను మూతి తుడుచుకుంటూ. జేబులోంచి డబ్బీ తీసి, కొత్త పొర కళ్ళకి అతికించుకున్నాడు. ముఖం మళ్ళీ తేటపడింది. వెనక వస్తున్నవాళ్ళకి మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త పక్కనుంచి రండి. ఇక్కడ దిష్టి తీశారు."

సువర్చల అతని చొక్కా మీద ఉమ్మేసి, కమ్మీ దగ్గరికి పరిగెత్తింది.

ఈసారి వినీల్ అక్కా అనలేదు.