ఇంకా ఎనిమిది గంటల గడువు

ఎనభై నాలుగు వేసవిలో ఒక మంగళవారం పొద్దున్న, ఏడు కాకముందే నీలకంఠం విమానమెక్కడానికి బయలుదేరాడు. పోర్టు వర్క్‌షాపులో క్రేన్ల ఫోర్‌మన్ అతను. హైదరాబాదులో అర్జంటు పని పడితే అధికారులే టికెట్టు కొనిచ్చారు. కంచరపాలెంలో ఆ వీధి నుంచి విమానమెక్కే మొదటి మనిషి అతనే. ఆ మాట భార్య కామేశ్వరి రెండు రోజులుగా కుళాయి దగ్గరా, కూరల బండి దగ్గరా చెబుతూనే ఉంది.

పదేళ్ళుగా ఆమె వినడమే గాని చెప్పింది లేదు. అదే ఇంట్లో రెండో వాటాలో ఉండే మరిది శ్రీనివాసరావు, విమానాశ్రయంలో ఇంజన్లు తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు. వీధిలో అందరూ అతని భార్య నాగమణినే ముందు పలకరిస్తారు. అది చూసిన ప్రతిసారీ కామేశ్వరి మొహం తిప్పుకునేది.

పదిన్నరకి నీలకంఠం పెట్టెతో సహా రిక్షా దిగాడు.

"ఏటైంది?"

"విమానం ఆపీసేరు. ఇంజన్ తనిఖీ అట. రేపెల్తాది."

"ఎవరు ఆపేరు?"

అతను చెప్పులు విడుస్తూ, "మనోడే" అన్నాడు.

కామేశ్వరి నేరుగా పక్క వాటాలోకి నడిచింది.

"ఇప్పుడు సల్లగుందేటి నీ కడుపు? మీ ఆయన తప్ప ఇంకెవరూ విమానం మొహం సూడకూడదా?"

"ఆయనొచ్చాక అడగక్కా. నాకేటి తెలుస్తాది?" అంది నాగమణి.

"నీ ముందే అడుగుతాను."

మధ్యాహ్నం శ్రీనివాసరావు వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. అతను చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా జరిగింది చెప్పాడు. ఎక్కడో పై దేశంలో అదే రకం ఇంజన్లో లోపలి రెక్క పగిలింది. భద్రత చూసే ఢిల్లీ ఆఫీసు ఆ రకం ఇంజన్లన్నిటికీ ఉత్తర్వు పంపింది. మరో యాభై గంటలు ఎగిరేలోపు వాటిని పరీక్షించి తీరాలి. ఆ యాభైలో ఈ విమానానికి ఇంకా ఎనిమిది గంటలు మిగిలాయి.

"అంటే ఇయాల ఎల్లొచ్చు."

"కాయితం ప్రకారం ఎల్లొచ్చొదినా."

"మరి సూసేవు గదా. పగులుందా?"

"లేదు. రెండింజన్లూ బాగున్నాయి."

"ఇన్నావా నాగమణీ? ఏటీ లేదంట. అన్న ఎక్కుతన్నాడని ఓర్వలేకపోయేడు, అంతే."

"ఊరుకోయే," అన్నాడు నీలకంఠం లోపల్నుంచి. శ్రీనివాసరావు మాత్రం తల ఊపాడు.

"నిజమే ఒదినా. పన్నెండేళ్ళుగా ఇంజన్లు సూత్తన్నాను. ఒక్కసారైనా ఎక్కి ఎగిరింది లేదు. అన్నయ్య టికెట్టు సూసినప్పుడు కుళ్ళుకున్నాను. పొద్దున్న ప్రయాణికుల జాబితాలో అన్నయ్య పేరుంది. గడువుంది కదా, వదిలేద్దామనుకున్నాను. మరి ఏటైనా అయితే? కుళ్ళుతోనే వదిలీసేనేమోనని నాను బతికున్నంతకాలం అనుకోవాల. అందుకే, ముందు పరీక్ష కానీమన్నాను."

ఈ ఇంట్లో అసూయ తన ఒక్కదానికే ఉందనుకుంది కామేశ్వరి. అతనికీ ఉంది. అది తెలిసి అతను ఇంజన్లు పరీక్ష చేయించాడు. తను తోడికోడలి మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గోడ అవతల నుంచి పక్కింటి కాశమ్మ తొంగి చూసింది. "ఏటమ్మా, మీ ఆయన తిరిగొచ్చీసేడు? బరువెక్కువయ్యేడని దింపీసేరేటి?"

కామేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

"మా మరిది ఆపించేడు," అంది, నాగమణికీ వినబడేలా. "ఇంజన్ సూసేదాకా ఎవుర్నీ ఎక్కనివ్వడు."

తిరిగొచ్చి, "కొంచెం జరుగు" అంటూ నాగమణి పక్కన గుమ్మంలో కూర్చుంది. నాగమణి జరిగింది.