మంచులో అడుగుజాడలు

చైనాలోని సుజౌ ఊళ్ళో కొట్టు తెరిచేనాటికి నా దగ్గర మూడు తులాల వెండి ఉంది. పాత బొమ్మల వెనక కాగితం ఊడదీసి కొత్తది అతికించడం నా పని.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. జిల్లా అధికారి పంపిన బొమ్మని, కాగితం ఊడదీయడానికి తడిపి బల్ల మీద పరిచాను. మంచు గట్టున పదకొండు మంది, పదకొండు తాడు ఉచ్చులు భుజాలకి తగిలించుకుని ధాన్యం పడవ లాగుతున్నారు. గవర్నరు పుట్టినరోజుకి అది కానుకట. సాయంత్రానికల్లా ఇవ్వాలి.

"ఇది గీసినాయన కరువొచ్చిన ఏడు పోయాడు," అన్నాడు నా కొట్లో అతికించే గంజి కాచే మో తాత. "జనం ఆకలికి రాలిపోతుంటే ఈ అధికారే ధాన్యం పడవలెక్కించి బయటికి పంపేశాడు."

"కాగితం రెండు పొరలు తాతా. విడదీస్తే రెండు బొమ్మలు. ఒకటి ఆయనకి, ఒకటి నా అమ్మకానికి."

"చర్మం ఒలిచి అమ్ముకుంటావురా? తెలిస్తే నీ తల ఎగిరిపోతుంది."

"ఆ లెక్క తర్వాత చూద్దాంలే," అని నవ్వాను. తాత గొణుక్కుంటూ ఇంటికి పోయాడు.

పొర లేస్తుంటే కుళ్ళిన ధాన్యం వాసన కొట్టింది. అప్పుడు గమనించాను. పదకొండు మంది. ఇరవై రెండు పాదాలు. వాళ్ళ వెనక తెల్లటి మంచు... అడుగుజాడ ఒక్కటీ లేదు.

గీసినాయన మర్చిపోలేదు. పడవ లాగేవాళ్ళు శవాలే అని గీసి చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

కింది పొరని వెలుతురుకి పట్టాను. పడవ ఉంది. తాడు ఉంది. మనుషులు లేరు.

పై పొర చూశాను. అందులోనూ లేరు. ఖాళీ ఉచ్చులు... పన్నెండు.

టప్... టప్... వెనక నీటి చుక్కలు. నా కొట్టు పైకప్పు కారదు. తిరిగి చూశాను. నేల మీద చెప్పుల్లేని తడి పాదాల గుర్తులు. ఇరవై రెండు. అన్నీ తలుపు వైపే.

బయట అధికారి నౌకరు గట్టిగా తలుపు తట్టాడు. "ఏరా, నిద్రపోయావా? అయ్యగారే స్వయంగా వచ్చారు! తియ్యి!"

బల్ల మీద పన్నెండో ఉచ్చు మెల్లగా విచ్చుకుంది. ఆయనకా... నాకా?

చెవి పక్కన చల్లటి గుసగుస. "తలుపు తియ్యి నాయనా..."

గడియ వైపు చెయ్యి చాచాను. అది అప్పటికే తడిగా ఉంది.