ఆరని మాస్కు

ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే ప్రేమకుమారి ఆయాసానికి మందు పొగ పట్టే నెబులైజర్ మిషను ముందేసుకుని కూర్చుంటుంది. కూతురు పింకీ పోయి ఏడాది దాటినా ఆ పని మానలేదు. వారమంతా మిరపకాయల ముచ్చికలు తుంచే చేతులు. అందుకని ముందు కొబ్బరినూనె పట్టించి, మంట పోయేదాకా సబ్బుతో రుద్దుకుంటుంది. తర్వాత మందు పోసే గిన్నె, మాస్కు ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానేస్తుంది. మంచినీళ్లతో జాడించి ఉతికిన గుడ్డ మీద పెడుతుంది. గొట్టం మాత్రం తడపదు. వట్టిగా మిషను ఆడించి, ఆ గాలితోనే ఆరనిస్తుంది. ఆస్పత్రిలో నర్సమ్మ అట్లాగే చెప్పింది మరి.

"పీల్చే పిల్లే లేదు గదే, ఎవరికోసం ఈ చాకిరి?" అని పక్కింటి జమీల అడిగితే తల వంచుకుని గిన్నె జాడించుకునేది.

పోయేనాటికి పింకీకి తొమ్మిదేళ్లు. ఎగపోత ఎక్కువైన రోజు, ఆటో నరసరావుపేట ఆస్పత్రికి చేరకముందే పోయింది. తల్లి ఒడిలో పిల్లా ఉంది, మిషనూ ఉంది. ప్లగ్గు పెట్టడానికి ఆటోలో కరెంటు లేదు.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ ముసురు పట్టింది. దీపాలవేళకి జమీల తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే ప్రేమా, మా సర్దారుగాడు ఎగపోస్తన్నాడే! డాక్టరిచ్చిన మందుంది, మిషను లేదు. వాగు పొంగింది, ఆటోవాడు రానంటన్నాడు. నీ మిషనియ్యవే తల్లీ."

సర్దారు జమీల మనవడు. రెండేళ్లవాడు.

"మధ్యాహ్నమే కడిగా అక్కా, ముసురుకి ఆరలా. మాస్కు తుడిచి తెస్తా. నువ్వు పిల్లోడి దగ్గరికి పో."

గుడ్డ మీదున్న మాస్కు తీసి లోపల తుడిచింది. వెలుతురులో పెట్టి చూస్తే మళ్లీ తడి. ఇంకో గుడ్డతో తుడిచింది. మళ్లీ తడి. కడిగిన నీళ్లు కావవి. అద్దం మీద ఊపిరి వదిలితే కమ్ముతుందే, అట్లాంటి మసక. కమ్ముతోంది... పోతోంది... కమ్ముతోంది.

ప్రేమకుమారి మాస్కుని చెంపకి ఆనించుకుంది. లోపల వెచ్చగా ఉంది. మందు వాసనతో పాటు, పొద్దున్నే దువ్విన తల వాసన.

"పింకీ..."

మసక ఆగింది. తర్వాత గబగబా కమ్మసాగింది. ఆయాసం వచ్చినప్పుడు ఆ పిల్ల పీల్చినట్టే.

గోడ అవతల నుంచి జమీల కేక వేసింది. "ప్రేమా! పిల్లోడి పెదాలు నల్లబడతన్నయ్యే!"

ఇస్తే ఈ ఊపిరి ఏమైపోతుంది? ఇవ్వకపోతే ఆ పిల్లోడు...

"ఒక్క పూటేనమ్మా. మళ్లీ తెచ్చేస్తా" అని మాస్కులోకి గుసగుసగా చెప్పి, మిషను పట్టుకుని వానలోకి వచ్చింది. జమీల ఎదురొచ్చి అందుకుని లోపలికి పరుగెత్తింది. ప్రేమకుమారి వెనక్కి వచ్చి మంచం మీద కూలబడింది.

గోడ అవతల మిషను గుర్రుమని ఆడుతోంది. ఇక్కడ చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు మంచం కిందనుంచి పిల్లికూతలు వినిపించాయి. సన్నగా... గొంతులో ఈల వేసినట్టు... పీల్చలేక పీల్చలేక...

"అమ్మా... మిషనేది?"

ప్రేమకుమారి మంచం కిందకి వంగింది.

"అమ్మా... ఆడట్లేదమ్మా..."

"ఇచ్చేశా నాన్నా..."

ఆ కూత ఆగింది. ఆమె కాళ్లను రాసుకుంటూ ఏదో చల్లగా పోయింది. వాకిలి దాటింది. గోడ అవతలకి... మిషను చప్పుడున్న వైపుకి.

"వద్దమ్మా! చిన్నోడే వాడు!"

ఒళ్లు తెలియకుండా పరుగెత్తింది. జమీల ఇంట్లో లైటు వెలుగుతోంది. పిల్లోడు ఒళ్లో నిద్రపోతున్నాడు. ముఖానికి మాస్కు. పెదాలకి రంగు తిరిగొచ్చింది.

"చప్పుడు చేయబాక. ఇప్పుడే కుదుటపడ్డాడు. నీ కడుపు చల్లగుండ!" అంది జమీల. అని, నాలుక్కరుచుకుంది.

ప్రేమకుమారి చూపంతా మాస్కు మీదే ఉంది. పిల్లోడి రొమ్ము ఒకసారి లేచేలోపు మందు పొగ రెండుసార్లు లోపలికి పోతోంది. ఒకటి నెమ్మదిగా. ఒకటి ఆత్రంగా.

"మందు అప్పుడే అయిపోయింది, ఇదేందే!" జమీల మిషను ఆపి మాస్కు తీయబోయింది. ప్రేమకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యీ ఎన్నడూ పట్టుకున్న మనిషి కాదు.

"ఇంకాసేపు ఉండనీ అక్కా... నీకు దణ్ణం పెడతా."

"మందు లేంది ఏం పీలుస్తాడే?"

ప్రేమకుమారి ఆ చెయ్యి వదల్లేదు. కన్నీళ్లు కారిపోతున్నాయి.

సర్దారు కళ్లు తెరవకుండానే, నాయనమ్మ ఒళ్లో కాస్త పక్కకి జరిగాడు. వాడు వదిలిన జాగాలో జమీల చీర మెల్లగా నలిగి, కిందికి అణిగింది.