మూడు విజిల్ల బ్రౌనీ

"నాకొక బ్రౌనీ కావాలె. నోట్లె పెట్టుకుంటే ఉమ్మెయ్యాలె."

మహబూబాబాద్‌లో బేకరీ పెట్టినప్పటి నుంచి జశ్వంత్ రకరకాల ఆర్డర్లు తీసుకున్నాడు. విడాకులొచ్చాయని కేకు కోసి పంచినవాడున్నాడు. కొత్త ట్రాక్టరుకు పుట్టినరోజు చేసి, దాని బానెట్ మీదే కేకు కోసిన మహానుభావుడూ ఉన్నాడు. కానీ చెడగొట్టమని ఆర్డరిచ్చిన మనిషి మాత్రం ఈమే మొదలు.

ఈమె అంటే స్రవంతి. బేకరీకి అద్దెకు తీసుకున్న మడిగె వాళ్లదే. కింద మడిగె, పైన ఇల్లు. రోజూ సాయంత్రం మెట్లు దిగొచ్చి ఒక ఎగ్ పఫ్ తింటుంది. అందులో గుడ్డు సగమే ఉందని గొడవ పెట్టుకుంటుంది. మూతి తుడుచుకుని మెట్లెక్కి పోతుంది. ఊళ్లో ఏ బేకరీలోనైనా పఫ్‌లో గుడ్డు సగమే ఉంటుందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని జశ్వంత్‌కూ తెలుసు. ఆ గొడవ కోసమే అతను సాయంత్రమయ్యేసరికి మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చుంటాడు. అంతకుమించి ఇద్దరిలో ఎవరూ ఏనాడూ నోరు విప్పింది లేదు.

"ఉమ్మెయ్యాల్నా? ఎందుకు?" అన్నాడు జశ్వంత్, ఎవరి పుట్టినరోజు కేకు మీదో పేరు రాస్తూ.

"ఆదివారం నాకు పెండ్లిచూపులు."

కేకు మీద పేరు తోక సర్రున జారి అంచు దాకా పోయింది.

"నువ్వు చేసిన బ్రౌనీలు ఫోటోలు తీసి ఇన్‌స్టాల పెడ్తుంట గద. కింద హోమ్‌మేడ్ అని రాసిన," అంది స్రవంతి, అదేదో చిన్న విషయమైనట్టు.

"హోమ్‌మేడా? నేను తెల్లారకముందు లేచి చేస్తే నీకు హోమ్‌మేడా?"

"మా హోమ్ కిందనే గద చేసినవ్. అబద్ధమెట్లయితది? సరే, గిప్పుడు గది కాదు పరేషాన్. ఆ ఫోటోలు చూసి పిలగానోళ్లు, రేగొండోళ్లు, పడిపోయిన్రు. పిల్ల చేతి బ్రౌనీ తినాల్నని ఫోన్ల చెప్పిన్రట. మా అమ్మనేమో నీతోటి చేపిచ్చి, నేనే చేసిన్నని పెడ్తదట. పైన పండ్లు గూడ ఉండాల్నట."

"పిలగాడు ఎట్లుంటడు?"

"మంచిగనే ఉన్నడు. భూపాలపల్లిల సర్కారు నౌకరి. వద్దనెటందుకు ఒక్క సాకు దొరుకుతలేదు. గందుకే బ్రౌనీ ఖరాబ్ కావాలె. ఉప్పెయ్యి, మాడగొట్టు, ఏమన్న చెయ్యి. ఒక్క ముక్క తిని, మల్ల ఎనుకకు చూడకుండ రేగొండ బస్సెక్కాలె."

"సరే."

"సరేనా? ఎందుకు వద్దంటున్నవని అడగవా?"

"ఎందుకు?"

స్రవంతి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నీ తలకాయ. ఉప్పు మర్చిపోకు," అని పఫ్ కూడా తినకుండా వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే జశ్వంత్ గట్టి నిర్ణయంతో వంట మొదలుపెట్టాడు. వెన్న, చాక్లెట్ కరిగించాడు. గుడ్లు, చక్కెర నురగొచ్చేదాకా గిలకొట్టాడు. మైదా జల్లించాడు. అన్నీ కలిపి, గుప్పెడు ఉప్పు తీసుకుని గిన్నె మీదికి చెయ్యి చాపాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇష్టపడ్డ పిల్ల పెళ్లి చెడగొట్టడానికి గుప్పెడు ఉప్పు చాలు. ఇంత చవక బేరం లోకంలో ఏ ప్రేమికుడికీ దొరికి ఉండదు. ఏం చేస్తాం, జశ్వంత్ ముందు బేకర్, ఆ తర్వాతే ప్రేమికుడు. ఉప్పును మళ్లీ డబ్బాలో పోసేశాడు.

పోనీ మాడగొడదామని ఓవెన్‌లో పెట్టి, బయటికొచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఈరోజు ఇక్కణ్నుంచి కదలనని ఒట్టు కూడా వేసుకున్నాడు. సరిగ్గా కాలాల్సినంత కాలిన వాసన రాగానే కాళ్లు అతన్ని అడక్కుండానే లోపలికి నడిచాయి. ట్రే బయటికి వచ్చింది. పైన పల్చగా, మెరుస్తూ పొర కట్టింది. లోపల వేలు పెడితే దిగబడేంత మెత్తగా ఉంది.

"థూ, నీ యవ్వ! ఇంత మంచిగ ఎన్నడన్న అయినవా?" అని బ్రౌనీని తిట్టాడు.

పండ్లు ముందే కింద బేకరీలో పెడితే మామిడిపండు రసం దిగి అంతా తడిసి ముద్దవుతుంది. అందుకని ముక్కలు కోయడం, పేర్చడం పైన వంటింట్లోనే అనుకున్నారు. స్రవంతి వాళ్లమ్మ కౌసల్య అందుకు ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది.

"ఎనుక మెట్ల మీదికెల్లి రా. హాల్లకు మాత్రం అడుగు పెట్టకు. నిన్ను చూస్తే వాళ్లకు డౌటొస్తది."

బయల్దేరే వేళకు ఆ ఏటి తొలి వాన దబదబా అందుకుంది. ఉన్నది ఒక్కటే గొడుగు. జశ్వంత్ దాన్ని బ్రౌనీకి పట్టి, తాను నిలువునా తడిసి పైకి చేరాడు.

వంటింట్లో బంగినపల్లి ముక్కలు, గింజ తీసిన నేరేడు పండ్లు, దానిమ్మ గింజలు వరసగా పేరుస్తుంటే స్రవంతి వచ్చింది. పట్టుచీర, తల్లో మల్లెలు. జశ్వంత్ ఒక నేరేడుపండును ట్రేలో కాకుండా నేల మీద పెట్టాడు.

ఆమె అంచున ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు మూతపడ్డాయి. మరుక్షణం నిప్పులు కురుస్తూ తెరుచుకున్నాయి.

"ఉప్పేది?"

"ఎయ్యబుద్ధి కాలే."

"మాడగొట్టమన్న!"

"మాడగొడ్దామనే చూసిన. కాళ్లు ఊకోలే. బ్రౌనీ ఏం పాపం చేసింది స్రవంతీ?"

"మరి నేనేం పాపం చేసిన?" ఆమె ట్రే మీద చెయ్యి వేసింది. "నేను పోవాల్నని ఉన్నది గద నీకు? పోత. మంచిగ పోత. పండ్లు జర సక్కగ పెట్టు, వాళ్లకు ఇంక మంచిగ నచ్చాలె."

ట్రే లాక్కుని వెళ్లిపోయింది. కళ్ల నిండా నీళ్లున్నాయని జశ్వంత్ స్పష్టంగా చూశాడు. అప్పుడు గానీ అతని మట్టిబుర్రకు, ఆమె ఇచ్చింది ఆర్డర్ కాదనీ, నేరుగా అడగడం చేతగాక అలా అడిగిన మాట అనీ తట్టలేదు.

హాల్లో పెళ్లికొడుకు, వాళ్ల నాన్న, వాళ్లమ్మ కనకలక్ష్మి సోఫాలో కూర్చున్నారు. ఎదురుగా స్రవంతి నాన్న, మిర్చి వ్యాపారం చేసే సారయ్య. కిటికీ పక్క కుర్చీలో నానమ్మ బుచ్చమ్మ. జశ్వంత్ వంటింటి కర్టెన్ వెనక నిలబడి చెవులు రిక్కించాడు.

"అబ్బ! నోట్లె ఏస్తనే కరుగుతున్నది," అంది కనకలక్ష్మి. "నిజంగ నువ్వే చేసినవా బిడ్డా?"

"మా పిల్లనే!" అంది కౌసల్య రెప్ప కొట్టకుండా. "పొద్దటిసంది వంటింట్లకెల్లి బయటికొస్తే ఒట్టు."

"వచ్చే నెల మా ఇంట్ల బోనాలు. సుట్టాలంత వస్తరు. గిప్పుడే చెప్తున్న, అందరికి మా కోడలు చేతి బ్రౌనీనే!"

కోడలు అన్న మాట జశ్వంత్ గుండెల్లో గుచ్చుకుంది. సొంత చేతుల్తో, ఒళ్లు దగ్గర పెట్టుకుని మరీ ఆమెను ఇంకొకరి ఇంటికి పంపిస్తున్నాడు. రేపట్నుంచి సాయంత్రాలు ఎవరూ గొడవకు రారు. బంగారంలాంటి పఫ్‌లు చేసి ఏం లాభం? బయటికెళ్లి ఏదైనా అనాలనుకున్నాడు. కాళ్లు కదల్లేదు.

"ఎట్ల చేసినవ్ బిడ్డా? జర చెప్పు, నేను గూడ నేర్చుకుంట."

స్రవంతి ఒకసారి కర్టెన్ వైపు చూసింది.

"ఏం లేదాంటీ, చానా ఆసాన్. మైదా, చక్కెర, చాక్లెట్ అన్ని కలిపి కుక్కర్ల పొయ్యాలె."

కర్టెన్ కదిలింది.

"మూత పెట్టి మూడు విజిల్స్ రానియ్యాలె."

"మూడేనా?"

"మూడు చాలాంటీ. గట్టిగ అనిపిస్తే జర నీళ్లు పోసి ఇంకో రెండు..."

"విజిలేంది!" కర్టెన్‌ను కడ్డీతో సహా లాక్కుంటూ జశ్వంత్ హాల్లో పడ్డాడు. "విజిల్ పెడితే బ్రౌనీ ఎట్లయితది? పప్పయితది! ఆవిరి తగిల్తే పైన పొర వస్తదా? నీళ్లు పోస్తదట నీళ్లు!"

తడిసిన చొక్కా, భుజాన మామిడి తొక్క, చేతిలో కత్తి. పెళ్లికొడుకు తన ప్లేటును మెల్లగా ఒళ్లోకి జరుపుకున్నాడు.

"ఎవలు బాబూ నువ్వు?" అంది కనకలక్ష్మి.

"కింద బేకరీ, ఆంటీ."

కౌసల్య కళ్లు మూసుకుంది.

"అయితే గిది..."

"నేనే చేసిన."

"మరి పిల్లకు రాదా?"

"ఈమెకా? గుడ్డు కొట్టమంటే పెంకు గిన్నెల, గుడ్డు చెత్తబుట్టల ఏస్తది. ఓవెన్ ఏదో, ఫ్రిజ్ ఏదో సమజ్ కాదు. ఈమెకు..." స్రవంతి తననే చూస్తోందని అప్పుడు గమనించాడు. గొంతు దానంతటదే దిగింది. "ఈమెకు రాకున్నా ఏమైతది? నాకొస్తది గద."

తనన్న మాట అందరికీ అర్థమయ్యాక, అందరికన్నా ఆఖర్న అతనికి అర్థమైంది.

"ఏమంటున్నవ్ పిలగా?" అన్నాడు సారయ్య.

జశ్వంత్ కత్తి కింద పెట్టాడు.

"నోరు జారిన అంకుల్. గని అబద్ధం కాదు. స్రవంతి అంటే నాకు పాణం. మడిగె ఖాళీ చెయ్యమంటే రేపే చేస్త. ఈ మాట మాత్రం వాపస్ తీసుకోను."

"రేపెందుకు, గిప్పుడే చెయ్యి!" కౌసల్య లేచింది. "పిలిచి వంట చెయ్యమంటే కొంప కూలుస్తవా?"

"నువ్వూకో కౌసల్యా," అంది బుచ్చమ్మ, తీరిగ్గా నేరేడుపండు చప్పరిస్తూ. "నీ పెండ్లిచూపులల్ల సకినాలు ఎవలు చేసిన్రో నాకెర్క లేదా? మీ పెద్దమ్మ చేసింది. నేనేమన్న అన్ననా?"

కౌసల్య ఎంత వేగంగా లేచిందో అంత వేగంగా కూర్చుంది. కనకలక్ష్మి ముందు పెదాలు బిగబట్టింది. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వింది. నేరేడు పండ్లకు ఆమె నాలుక వంకాయ రంగుకు తిరిగింది.

"మా అత్త ముందట నేను పెట్టిన అరిసెలు గూడ కొనుక్కొచ్చినయే!" అని కళ్లు తుడుచుకుని స్రవంతి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. ఈ పిలగాడంటే నీకిష్టమేనా?"

"ఇష్టమే ఆంటీ," అంది స్రవంతి తల వంచకుండా. "మిమ్మల్ని పిలిచి గిట్ల చేసుడు తప్పే. గని ఈయనకు సమజ్ చేసి చేసి యాష్టకొచ్చిన."

"ఇంక మనకేం పని? పోదాం పా అమ్మా," అన్నాడు పెళ్లికొడుకు లేస్తూ. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "అన్నా, పెండ్లయితే ఎట్లాగు కాలే. నాలుగు ముక్కలు పార్సిల్ కడ్తవా?"

జశ్వంత్ ట్రేలో మిగిలినదంతా కట్టబోయాడు. సారయ్య చెయ్యి అడ్డం పెట్టి ఒక ముక్క ఆపుకున్నాడు.

చుట్టాలు వెళ్లాక సారయ్య ఆ ముక్కను మెల్లగా తిన్నాడు. పెద్ద మిర్చి లాటు నాణ్యం చూసేటప్పుడు కూడా అతను అంతసేపు తీసుకోడు. కౌసల్య అతని మొహం చూస్తోంది. మిగతావాళ్లు కూడా అటే చూస్తున్నారు.

"మీ అమ్మానాయిన జనగామల ఉంటరన్నవ్ గద," అన్నాడు చివరికి. "వచ్చే ఆదివారం రమ్మను. మాట్లాడుదాం. మాట్లాడుదామంటున్న, ఇస్తనంటలేను."

"వచ్చినోళ్లకు ఏం పెట్టాలె?" కౌసల్య ఇంకా కోపంగానే ఉంది. కానీ మాట మర్యాదల దాకా వచ్చేసింది. "ఈపాలి నిజంగ ఈ పిల్లనే చెయ్యాలె."

"వద్దాంటీ!" అన్నాడు జశ్వంత్ గాభరాగా. "మా అమ్మ అసలే బీపీ మనిషి."

వెనక మెట్ల దాకా సాగనంపడానికి స్రవంతి వచ్చింది. వాన ఇంకా పడుతూనే ఉంది.

"కుక్కర్ మాట కావాల్ననే అన్నవా?" అని అడిగాడు.

"మరి? నేను ఏడ్సినా బయటికి రావు, విజిలంటే మాత్రం ఉరికొస్తవని నాకెర్క." ఆమె అతని దారికి అడ్డంగా నిలబడింది. "ఇగ నిజం చెప్పు. బయటికొచ్చింది నాకోసమా, బ్రౌనీ కోసమా?"

జశ్వంత్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆలోచించాడు.

"కర్టెన్ దాకా బ్రౌనీ కోసమే వచ్చిన. కర్టెన్ దాటి నీ మొఖం చూసినంక, ఎందుకొచ్చిన్నో యాదికి లేదు."

స్రవంతి అతన్ని తిట్టడానికే నోరు తెరిచింది. నవ్వు ముందొచ్చింది. వానలో తడుస్తున్న అతని చొక్కా పట్టుకుని తన మెట్టు మీదికి లాక్కుంది.