చెప్పు లేని కాలు

ఉదయం ఆరుంబావు. పాకాలలో మునివెంకటప్ప తన మిద్దె మెట్ల కింద శవమై పడి ఉన్నాడు. తల పగిలింది. కుడికాలు తొడ నుంచి కొయ్యది. పాదాలకు చెప్పులు లేవు.

ఇన్‌స్పెక్టర్ తిరుమలయ్య వచ్చేసరికి, ఆ కాలు చేసిన ప్రేమానందాన్ని జనం స్తంభానికి కట్టేశారు. మూతి పగలగొట్టారు కూడా.

"మా అన్నను సంపింది వీడే సార్," మృతుడి తమ్ముడు సుబ్రమణ్యం పళ్లు కొరికాడు. "పోయిన వారం మోకాలు సరిచేస్తానని చెడగొట్టినాడు. అన్న మిద్దె మీద పూజ గదిలో దండం పెట్టుకోని దిగతా ఉన్నాడు. మొదటి మెట్టు మీదనే మోకాలు మడుసుకునింది."

"నువ్వు చూశావా?"

"ఈ కండ్లతో సూసినా."

"చెప్పులేవి?"

"పూజ గదిలోకి చెప్పులతో యాడ పోతారు సార్?"

చెప్పులు వాకిట్లో జతగా ఉన్నాయి. ఎత్తు మడమ, వెనక తోలు పట్టీ. ఊరంతా ఒకే మాట మీద ఉంటే తిరుమలయ్యకు ఒళ్లు మంట. ప్రేమానందం వైపు తిరిగాడు.

"నిజం చెప్పరా. మోకాలు ఎలా పెట్టావు?"

"ఆ చెప్పు మడమ ఎత్తుకు సరిపోయేట్టు పెట్టినా సార్."

"వాడి మాటలేంది, తన్నండి," ఎవరో అరిచారు.

ఇన్‌స్పెక్టర్ పట్టించుకోలేదు. శవానికున్న కొయ్యకాలు విప్పించి, చెప్పు తొడిగి నేల మీద నిలబెట్టాడు. నిటారుగా నిలబడింది. చెప్పు తీసేశాడు. మడమ కిందికి దిగి, కాలు వెనక్కి వాలింది. పైనుంచి బలంగా నొక్కాడు. మోకాలు వెనక్కి బిగుసుకుంది కానీ, ముందుకు మడుచుకోలేదు.

"చెప్పు లేకుండా ఇది మడుచుకోదు సుబ్రమణ్యం. నువ్వేం చూశావు?"

ఇన్‌స్పెక్టర్ మృతుడి భార్య వైపు చూశాడు.

"అమ్మా, మీ ఆయన పూజ గదికి చెప్పులు విప్పేవాడా?"

"లేదు సార్," అంది భార్య వరదమ్మ. "విప్పితే కాలు ఎనక్కి తోస్తాదని గడప బయటనే నిలబడి దండం పెట్టుకుంటా ఉన్నాడు. దేవుని కాడ చెప్పులేందని దినామూ నేనే తిడతా ఉంటి."

ఆమె మరిది మొహంలోకి చూసింది.

"పూజ గది నుంచి దిగాడంటే కాళ్లకు చెప్పులుండకూడదని నువ్వే విప్పావు," అన్నాడు తిరుమలయ్య. "తోసేసిన తర్వాత."

సుబ్రమణ్యం ఇక దాచలేదు. "బంగారుపాళ్యం తోటలో భాగం ఇయ్యనన్నాడు. ఒంటికాలోడికి అంత తోట ఎందుకు సార్?"

వరదమ్మ ఆ కొయ్యకాలును చేతుల్లోకి తీసుకుంది.

"ఆ కాలుతోనే కదరా, నీ పెండ్లికి ఊరూరా తిరిగి పత్రికలు పంచినాడు."