సులైలో దొర కచేరీ

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... మార్తాండుడు నడినెత్తిన ఉండగానే అరబ్బు ఎడారిలోని పారిశ్రామికవాడ సులై మీద చీకటి కమ్మింది! ఎర్రని ఇసుక తుఫాను దశదిశలనూ మింగేసింది. పాడుబడ్డ గోదాము రేకులు ప్రేతాల్లా ఊళలు పెడుతున్నాయి. నేలపై రక్తవర్ణ మండలం... దాని నడుమ ఒక కపాలం!

ఎదురుగా కూర్చున్నాడు జగిత్యాల భూమేష్. మేస్త్రీ పంపితేనే దూరాన ఉన్న రాబిగ్ ఊరికి పనికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి, పారిపోయాడంటూ, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ హురూబ్ కేసు రాయించాడు. కాగితాలు సరిగా లేనివాళ్లను ఏరే నితాఖత్ తనిఖీల రోజులు. దొరికితే జైలే. కునుకు లేక, నిలువనీడ లేక తిరుగుతున్నవాణ్ణి ఆ మేస్త్రీయే ఇక్కడికి పిలిచాడు. అతడు కడప చెన్నకేశవులు... క్షుద్రోపాసకుడు!

"ఇది హార్డ్‌విక్ దొర పుర్రె," అన్నాడతడు. "కుర్రతనంలో కలెక్టరు కచేరీకొచ్చి, తెలుగు నేర్చి, మా జిల్లాకు జడ్జీ అయినాడు. ముప్పై ఏండ్లు ఉరిశిక్షలు రాసినాడు. ఆఖర్న, దొంగసాక్ష్యం నమ్మి అమాయకుణ్ణి ఉరి తీయించినానని తెలిసి, ఉద్యోగం ఇడిసి, పిచ్చెక్కి సచ్చినాడు. అన్యాయమైపోయినోడు పిలిస్తేనే లేస్తాడు. నువ్వు పిలువు. నీ కఫీల్‌ను ఉరేస్తాడు. ఆ పైన దొర నాకు దాసుడు."

భూమేష్ పిలిచాడు. కపాలం కనుగుంటల్లో నీలిజ్వాల భగ్గుమంది!

"ఫిర్యాదీ, ఎందుకు వచ్చావు?"

న్యాయం కోసమని చెప్పబోయాడు. ఆ చూపు ముందు అబద్ధమాడలేకపోయాడు.

"కఫీల్ సావాలని అచ్చిన, దొరా. గని నేను పారిపోలే. మేస్త్రీ తోలితెనే పోయిన."

కపాలం మెల్లగా... మాంత్రికుడి వైపు తిరిగింది.

"పారిపోయాడని చెప్పిందెవరు?"

"నాకు తెలీదు దొరా." చెన్నకేశవులు బంధనమంత్రం అందుకున్నాడు.

"అబద్ధపు సాక్ష్యం."

మంత్రం సగంలో తెగింది! అతడి మడమలు నేలను వదిలాయి. అదృశ్యపాశం మెడకు బిగుసుకుంది.

"నేనే... కఫీల్‌తో నేనే చెప్పినా... దొరను లేపేదానికి ఫిర్యాదీ కావాల్సి..."

ఫెళ్లున ఎముక విరిగింది. దేహం కుప్పకూలింది. తాడు లేదు... మెడ చుట్టూ నల్లని తాడు గుర్తు మాత్రం ఉంది. జ్వాల ఆరిపోయింది.

భూమేష్ గోదాము వెనక ఇసుకలో కపాలాన్ని పాతిపెట్టి, తిన్నగా కఫీల్ ఇంటికి నడిచాడు. రాబిగ్‌కు తనను తోలింది మేస్త్రీయేనని చెప్పాడు. ముసలి కఫీల్ అక్కడి పనివాళ్లకు ఫోన్ చేసి అడిగి, తల దించుకున్నాడు. వారంలో హురూబ్ రద్దయింది. ఇంటికి వెళ్లేందుకు ఎగ్జిట్ కాగితం చేతికొచ్చింది.

విమానాశ్రయంలో ఆయన అతణ్ణి కౌగిలించుకున్నాడు. ఆయన చావు కోరానన్న మాట భూమేష్ నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆనాటి నుంచి చొక్కా పైగుండీ పెట్టుకుంటే అతనికి ఊపిరాడదు.