సిపాయి ఉత్తరాలకు పసుపు

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

మనిషి నీడ అతని పాదాల కిందే నలిగిపోయే వేళ. బాగేపల్లి దాటాక వచ్చే బోడికొండల నడుమ, ఎన్నడో వదిలేసిన రాతి క్వారీలో, నల్లని మడుగు ఒడ్డున బయ్యప్ప బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎండ నిప్పులు చెరుగుతున్నా అతని ఒంటిమీద చెమట చుక్క లేదు. ఎదుట శ్మశానభస్మంతో గీసిన షట్కోణం. దాని నట్టనడుమ కుంకుమ పులిమిన కపాలం...

పట్టపగలు ఎక్కడో గుడ్లగూబ కూసింది.

బయ్యప్ప ఎన్నో ఏళ్ళుగా ఒక్కదానికోసమే ఉపాసన చేస్తున్నాడు. ఆయుధం పట్టడం తెలిసి, ఆజ్ఞకు తలవంచడం తెలిసి, కర్మకాండలు జరగక దిక్కులేక తిరుగుతున్న ఒక సైనికుడి ప్రేతం! అది చేతికి చిక్కితే చుట్టుపట్ల తాలూకాల్లో అతనికి ఎదురుండదు. కానీ ప్రేతం పిలవని గడప తొక్కదు. ఎవరో ఒకరు మనసారా పిలవాలి. గడప దాటిన మరుక్షణం కట్టడి చేయడం అతని వంతు.

గాలి లేదు. అయినా మడుగులో సుడి లేచింది. కపాలం దవడ మెల్లగా కదిలింది...

"పిలిచినారు," అన్నాడు బయ్యప్ప, ఎవరితోనో గుసగుస చెబుతున్నట్టు. "చింతామణిలో ఎవరో పసుపు పెట్టి మరీ పిలిచినారు."

ఆ పిలిచిన మనిషి ఆ క్షణంలో చాలా సంతోషంగా ఉంది.

పేరు మంజుశ్రీ. పెళ్ళయి నెల కాలేదు. కొత్త మెట్టెలు గచ్చుమీద టక్కుమంటుంటే ఆ చప్పుడు వినడానికే పనిలేకపోయినా హాలుకీ వంటింటికీ తిరిగేది. గ్యాస్ లైటర్ ఒక్క నొక్కుకే అంటుకుంటే మురిసిపోయేది. కిటికీలోంచి పడే ఎండముక్కలో ఇద్దరి చెప్పుల జతలూ పక్కపక్కన ఉంటే, వాటిని ఇంకాస్త దగ్గరికి జరిపేది. బి.కాం. చదివిన పిల్ల. దయ్యాల మాటెత్తితే నవ్వు ఆపుకోలేకపోయేది.

ఆమె భర్త పురుషోత్తం కాలేజీలో చరిత్ర చెబుతాడు. అతనికి ఒక పిచ్చి ఉంది. శ్రీలంకలో అంతర్యుద్ధం మండుతుండగా అక్కడికి వెళ్ళిన మన సైన్యంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కొందరున్నారు. జవాన్లూ, అధికార్లూ ఆ దీవి నుంచి ఇళ్ళకు రాసిన ఉత్తరాలు సేకరించడమే ఆ పిచ్చి. తీరిక దొరికితే చాలు, స్కూటరెక్కి సాదలి, తొండేభావి, బట్లహళ్ళి తిరిగేవాడు. ఫిరంగుల మోత మధ్య కూర్చుని, చిక్కబళ్ళాపురంలో ఉన్న భార్యకు ద్రాక్షతోట గురించి మాత్రమే రాసిన ఒక కెప్టెన్ ఉత్తరాలు దొరికిన రోజు అతనికి నిద్ర పట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద కట్ట బట్లహళ్ళి పుట్టమ్మది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సిపాయి మునికృష్ణప్ప ఆ దీవిలోనే పోయాడు. పోయాడని ఊరంతా అంటుంది, పుట్టమ్మ మాత్రం అనదు. శవం రాలేదు కాబట్టి కర్మ చేయనివ్వలేదు. "చదువుకోప్పా," అంటూ ఉత్తరాలు చేతికిచ్చి, "వాడొస్తే అడుగుతాడు, మళ్ళా తెచ్చియ్యల్ల," అని షరతు పెట్టింది.

ఆ మధ్యాహ్నం పురుషోత్తం భోజనానికి లేచి వచ్చేసరికి మంజుశ్రీ చాప మీద అతను సేకరించిన ఉత్తరాలన్నీ పరుచుకుని కూర్చుంది. పక్కన పసుపు గిన్నె.

"ఏం చేస్తాండావు మంజూ?"

"కనబడలేదా మేష్ట్రూ? నా సవతులకు సింగారం చేస్తాండా. పెండ్లయినప్పటి నుంచీ మీ కాపురమంతా వీళ్ళతోనే కద."

"పసుపెందుకే?"

"మన శుభలేఖలకు తెచ్చింది మిగిలుండాది. పాపం, ఎన్నేండ్లు దుమ్ము తిన్నాయో. నాలుగు మూలలా పెడితే కళగా లేవా?"

"అయితే సిపాయిలందర్నీ మనింటికి భోజనానికి పిలుస్తాండావన్నమాట."

"రానీండి. పాయసం చేస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ నేలమీద నాలుగు మూలలా పసుపు తగిలిన కాగితం ఉత్తరం కాదు, ఆహ్వానం! చనిపోయినవాళ్ళ రాతకు పసుపు పెట్టకూడదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అలా పెట్టాలన్న ఆలోచన అంతకుముందు ఎవరికీ వచ్చి ఉండదు కాబట్టి...

చివరి ఉత్తరం నాలుగో మూల పసుపు తగలగానే ఆకాశం ఉరిమింది.

మబ్బు ఎప్పుడు కమ్మిందో తెలియదు. నడిమధ్యాహ్నం చీకటి పడింది. వీధిలో బూట్ల చప్పుడు... ఒకటి కాదు, ఎన్నో! ఒకే లయలో, ఒకే బరువుతో నడిచి వచ్చి, సరిగ్గా వాళ్ళ గేటు ముందు ఆగిపోయాయి. పురుషోత్తం కిటికీలోంచి చూశాడు. వీధిలో ఒక్క మనిషి లేడు. దుమ్ములో మాత్రం వరసలు వరసలుగా అడుగుల గుర్తులు!

ఆ ఉత్తరాలు రాసి పోయినవాళ్ళలో కర్మలు జరిగిన వాళ్ళు పిలుపుకు మర్యాదగా గేటు దాకా వచ్చి నిలబడ్డారు. దిక్కులేని ఒక్క జత బూట్లు మాత్రం లోపలికి నడిచాయి. మెట్టు... గడప... హాలు.

మంజుశ్రీ చేతిలోని గిన్నె జారి దొర్లింది. ఆమె లేచింది. మడమలు కలిపి, భుజాలు బిగించి, రెప్పవేయకుండా గోడకేసి చూస్తూ నిలబడింది.

"మంజూ, ఆటలాడొద్దు."

"సిపాయి మునికృష్ణప్ప, సార్."

అది మగగొంతు. ఎన్నో ఏళ్ళుగా నీళ్ళు తాగని గొంతు!

"పిలిచినారని వచ్చినా సార్. గడప దాటంగానే ఎవడో పట్టుకున్నాడు. మెడకు తాడేసినాడు. నేను ఈ పాపను ఏమీ చేయల్లనుకోలేదు సార్..."

మాట తెగిపోయింది. ఆమె మెడ కీచుమంటూ పక్కకు తిరిగింది. ఈసారి అదే నోట్లోంచి మరొకడు నవ్వాడు.

"మేష్ట్రూ, నా పేరు బయ్యప్ప. దీపాలు పెట్టే పొద్దుకు నేనే వస్తా. నీ పెండ్లాం చేత్తోనే నీ గొంతు కోయిస్తా. కొత్త పెండ్లికొడుకు నెత్తురు ముట్టిన సిపాయి నాకు శాశ్వతంగా బంటు. నీ పెండ్లాం ఒళ్ళు వాడికి ఇల్లు."

మంజుశ్రీ మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది.

చప్పుడు విని ఇంటి యజమానురాలు యశోదమ్మ పక్కవాటా నుంచి పరుగెత్తుకొచ్చింది. పిల్ల నుదుట విభూతి పెట్టింది. పెట్టిన విభూతి పెట్టినట్టే తడి బూడిదై కారిపోయింది. ఆమె చాపమీది ఉత్తరాలను, వాటి మూలలను చూసింది. పెదవులు పాలిపోయాయి.

"ఇది మంత్రానికి పోయేది కాదప్పా. మీరే పిలిచినారు. పిలిచిన నోటితో తరమలేరు. ఆ పిల్లోడికి సొంత మనుషులు ఎవరన్నా ఉండారా?"

"తల్లి ఉండాది. బట్లహళ్ళిలో."

"స్కూటరు తీ. బిరీన పోయి పిల్చుకొని రా. అందాకా నేను కూచోనుంటా."

వాన గాలి స్కూటర్‌ను రోడ్డుకు అడ్డంగా తోస్తుంటే పురుషోత్తం ఎలా చేరాడో అతనికే తెలియదు. పుట్టమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. అతడు తడబడుతూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. భయపడుతుందనుకున్నాడు.

"వచ్చినాడా?" అంది పుట్టమ్మ. ముడతల ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. వచ్చినాడు, చూస్తివా."

మధ్యాహ్నం మంజుశ్రీ ముఖంలో పురుషోత్తం చూసిన సంతోషం కూడా ఇంత అమాయకంగానే ఉంది...

పుట్టమ్మను ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి అసురసంధ్య. వీధిదీపాలు వెలగలేదు. గేటుకు అటూ ఇటూ గాలి మంచులా చల్లగా ఉంది. ఎవరో వరసగా నిలబడి దారి ఇచ్చినట్టు అనిపించింది. యశోదమ్మ మెట్లమీద స్పృహ తప్పి పడి ఉంది. లోపల హాలు నడుమ, ఉత్తరాల చాప మీద, కపాలాన్ని రెండు చేతులా పట్టుకుని బయ్యప్ప కూర్చున్నాడు. గోడ వారగా మంజుశ్రీ. జుట్టు విరబోసుకుని, చేతిలో మచ్చుకత్తితో... మూసిన రెప్పల కింద గుడ్లు గిర్రున తిరుగుతున్నాయి.

"బాగుండాది. అందరూ వచ్చినారు," అన్నాడు బయ్యప్ప. తరువాత కపాలం చెవిలో చెబుతున్నట్టు వంగి, "కొయ్యి," అన్నాడు.

పురుషోత్తం ఎదుటి గోడకు వీపు తగిలేదాకా వెనక్కి జరిగాడు. మంజుశ్రీ ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. కొత్త మెట్టెలు టక్కుమంటున్నాయి. కత్తి అంచు అతని గొంతుకు తగిలింది.

"మునికృష్ణా," అంది పుట్టమ్మ.

కత్తి ఆగింది. మంజుశ్రీ రెప్పలు తెరుచుకున్నాయి. ఆ కళ్ళు ఆమెవి కావు.

"అమ్మా..."

"నా బంగారే. ఎంత చిక్కిపోయినావు. రా నాయనా, మనింటికి పోదాం, రా."

ఆమె 'రా' అన్నప్పుడల్లా కత్తి ఒక వెంట్రుకవాసి లోపలికి దిగింది! పురుషోత్తం మెడమీద వెచ్చగా ఒక నెత్తుటి చార జారింది. బయ్యప్ప కడుపుబ్బ నవ్వాడు.

"పిలువు ముసల్దానా, ఇంకా గట్టిగా పిలువు. ఇన్నేండ్లుగా నువ్వు పట్టుకోనుండావు గాబట్టే నాకు కట్టేసేకి దొరికినాడు. నువ్వు తల్లివి, వాడు యాడికి పోతాడు?"

"అమ్మా," అంది ఆ దాహపు గొంతు. మంజుశ్రీ చెంపల మీదుగా ఎవరివో కన్నీళ్ళు కారుతున్నాయి. "నన్ను రమ్మనొద్దమ్మా. నువ్వు రమ్మనే కొద్దీ వీడి తాడు బిగుస్తాది. ఈయప్పను కోస్తే నేనింక మనిషి పుట్టుక పుట్టను. నేను పోవల్లమ్మా. నువ్వు పంపిస్తేనే పోతాను."

ఇక్కడి ఇళ్ళలో గడప దాటేవాళ్ళను ఎవరూ 'పో' అనరు. అంగడికి వెళ్ళే బిడ్డనైనా 'పోయిరా' అంటారు. కొడుకు ట్రంకుపెట్టెతో బెంగళూరు బస్సెక్కిన నాడు పుట్టమ్మ కూడా ఆ మాటే అంది. ఆ తరువాత ప్రతి తెల్లవారుజామునా, ఖాళీ రోడ్డుకేసి చూస్తూ, అందులో సగం మాటే... 'రా'... 'రా'...

ఆమె నిలబడే ఉంది. ఎదుట కొడుకు కళ్ళు. వాటి చుట్టూ పరాయి ఆడబిడ్డ ముఖం. ఆ బిడ్డ మెడలో పసుపు ఇంకా ఆరని తాళి. కత్తి అంచున ఆ బిడ్డ మొగుడి ప్రాణం.

"ఊఁ, కానియ్యి," అని గర్జించాడు బయ్యప్ప. "కొయ్యి, నా ఆజ్ఞ!"

పుట్టమ్మ ముందుకు నడిచింది. కొంగుతో మంజుశ్రీ నుదురు తుడిచింది. చెదిరిన జుట్టును వెనక్కి దువ్వింది, బడికి పంపే పిల్లవాడికి దువ్వినట్టు.

"పో నాయనా," అంది. "నా కోసం నిలబడొద్దు. ఇంక రావద్దు. పో."

ఆకాశం బద్దలైంది!

ఇల్లంతా తెల్లని వెలుగు నిండింది. మంజుశ్రీ చేతిలోని కత్తి జారి పడింది. బయ్యప్ప మంత్రం అందుకోబోయాడు, నాలుక తిరగలేదు. బిగించిన తాడు అవతలి కొస వదిలేస్తే లాగుతున్నవాడు ఏమవుతాడు? ఇన్నేళ్ళ ఉపాసన అంతా ఒక్కసారిగా అతనిమీదికే విరుచుకుపడింది. చేతుల్లోని కపాలం కొలిమిలోని ఇనుములా ఎర్రబడింది. విసిరేయబోయాడు... వదలలేదు! అరచేతులు దానికి అతుక్కుపోయాయి. దవడలు తెరుచుకుని అతని మణికట్లను కరిచి పట్టాయి. ఒక్క అరుపు... గేటు దాకా అలాగే పరుగెత్తాడు. అక్కడ వరసగా నిలబడ్డవాళ్ళు ఈసారి దారి ఇవ్వలేదు.

రెండో పిడుగు గేటు ముందే పడింది.

వాన దిగినప్పుడు అక్కడ గుప్పెడు బూడిద మిగిలింది. అదీ మురుగులో కలిసిపోయింది. ఆ వానలోనే బూట్ల చప్పుడు మెల్లగా, తొందర లేకుండా, ఊరి బయటికి నడిచి వెళ్ళిపోయింది.

"నా మెడకాయ ఎందుకు ఇంత నొస్తాండాది?" అంది మంజుశ్రీ, భర్త ఒళ్ళో కళ్ళు తెరిచి. తరువాత అతని గొంతుమీది నెత్తురు చూసింది. అతని చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. బయట యశోదమ్మ మూలుగుతూ లేచి కూర్చోవడం వినిపించింది.

పుట్టమ్మ గడప దగ్గర వాన చూస్తూ నిలబడింది. వాన తగ్గాక ఇటు తిరిగింది.

"తల్లీ, లేయగలవా?"

"ఆఁ అమ్మా."

"నీళ్ళు కాంచు. తలకు పోసుకోవల్ల."

అయినవాళ్ళు పోతే పోసుకునే నీళ్ళు అవి. ఆమె ఇన్నేళ్ళుగా పోసుకోని నీళ్ళు.

మంజుశ్రీ గోడ పట్టుకుని లేచింది. స్నానాల గదిలో అండా కింద పుల్లలు పేర్చింది. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. మూడోసారి పురుషోత్తం వచ్చి ఆమె చేతులకు తన చేతులు అడ్డం పెట్టాడు. మంట అందుకుంది. ఆ పొగ వాసన ముందుగదిలోకి చేరినప్పుడు, గడప మీద కూలబడిన పుట్టమ్మ గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది.